బోర్నియో పొగను సముద్రంతో కలిపి చూడటం ఎలా?

అడవులు కొట్టేస్తే వాతావరణం మారుతుందని పదో తరగతి పిల్లలకు చెబితే నోట్స్‌లో రాసుకుంటారు గానీ నమ్మరు. అందుకే నేను క్లాసులో ఆగ్నేయాసియాలోని బోర్నియో ద్వీపాన్ని తెరిచి చూపిస్తాను. మీరు ఇంట్లోనే చూడొచ్చు. ఫోన్‌లోనూ వస్తుంది గానీ కళ్లు లాగేస్తాయి, కంప్యూటర్ మేలు.

ఉపగ్రహ చిత్రాలు చూపే నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ సైట్ ఉచితం. తేదీ 2019 సెప్టెంబర్ మధ్యకు మార్చి బోర్నియో దక్షిణానికి, అంటే ఇండోనేషియా భాగానికి రండి. బూడిద రంగులో మందంగా పరుచుకున్నది మేఘం కాదు, పొగ. మంటల లేయర్ (చిత్రం మీద పరిచే అదనపు పొర) పెడితే ఎర్ర చుక్కలు పడతాయి.

ఇప్పుడు సముద్రపు ఉష్ణోగ్రత సగటుతో ఎంత తేడాగా ఉందో చూపే లేయర్ కలపండి. సుమత్రా, జావా పక్కన నీళ్లు చల్లగా, ఆఫ్రికా వైపు వెచ్చగా ఉంటాయి. ఇదే హిందూ మహాసముద్ర డైపోల్, పాజిటివ్ దశ. వానలు పడమటికి జరిగి ఇండోనేషియా ఎండిపోతుంది. మనకు మాత్రం ఇది కలిసొచ్చింది: ఆ ఏడు దేశంలో నైరుతి వానలు సగటులో 110 శాతం.

ఇక్కడే ఆగితే తప్పంతా సముద్రం మీదకు నెట్టేస్తాం. పాలంకరాయా ఊరికి ఆగ్నేయంగా బాగా జూమ్ చేయండి. వంకర్లు తిరిగేవి నదులు. స్కేలు పెట్టి గీసినట్టున్నవి కాలువలు. 1996లో అప్పటి ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వరి పండిస్తామని సుమారు 10 లక్షల హెక్టార్ల చిత్తడి నేలల్లో పథకం పెట్టి, అడవి నరికి ఇవి తవ్వించింది. వరి పండలేదు, నేలలో నీరు మాత్రం దిగిపోయింది. అక్కడిది పీట్ నేల, అంటే వేల ఏళ్లుగా పేరుకున్న ఆకూ కొమ్మా. తడిగా ఉంటే అంటుకోదు. ఎండితే కుంపట్లో నిప్పులా లోపల్లోపలే రాజుకుంటుంది. 1997లో అదే జరిగింది.

చుక్కలు ఎక్కడ గుమిగూడాయో చూడండి. ద్వీపం నడుమ కొండల్లో, అడవి నిలిచిన చోట బాగా పలచబడతాయి. చెట్లు వేళ్లతో తోడిన నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాయి, కింద నేల నీడలో తడిగానే ఉంటుంది. నరికిన చోట ఆ ఆవిరి తగ్గి ఎండ నేరుగా నేలను కాలుస్తుంది.

నష్టం మళ్లీ సముద్రానికీ చేరుతుంది. 1997లో సుమత్రా పక్కన మెంతావాయ్ దీవుల పగడపు దిబ్బలు చచ్చిపోయాయి. పొగతో వచ్చిన ఇనుము వల్ల నాచు విపరీతంగా పెరగడమే కారణం కావచ్చని కొందరు పరిశోధకులు చెప్పారు.

చివరగా కంపేర్ బటన్ నొక్కి పక్కన 2022 సెప్టెంబర్ పెట్టండి. అప్పుడు డైపోల్ నెగటివ్, అంటే తీరు తిరగబడి ఇండోనేషియా వైపు వానలు. కాలువలు అవే, చుక్కలు కొన్నే. మేఘాలు అడ్డొస్తే తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపండి.