ఎయిర్ మార్షల్ గారిని వేదిక మీదికి పిలిచే ముందు

కాలేజీలో 26 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ముఖ్య అతిథి ఎవరొచ్చినా పరిచయం నా మెడకే చుట్టేవారు. ఒకసారి వాయుసేనలో ఎయిర్ వైస్ మార్షల్‌గా రిటైరైన ఒకాయన వచ్చారు. పేరు పక్కన 'వీఎం' అని ఉంటే, 'విశిష్ట సేవా పతకం' అని మైకులో గట్టిగా చదివేశాను. ఆయన ఏమీ అనలేదు. భోజనాల దగ్గర ఆయన భార్య, "అది వాయుసేనా పతకం మాస్టారూ. ఆ రోజు ఈయన తిరిగొస్తారో లేదో కూడా తెలియదు మాకు" అన్నారు మెల్లిగా. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అందుకే, ఇలాంటి అతిథిని మీరు పరిచయం చేయాల్సివస్తే ముందు బయోడేటా తెప్పించుకుని, పేరు తర్వాతి అక్షరాలు చూడండి. పీవీఎస్ఎం అంటే పరమ విశిష్ట సేవా పతకం, ఏవీఎస్ఎం అతి విశిష్ట, వీఎస్ఎం విశిష్ట. ఈ మూడూ 1960లో పుట్టాయి. ఇవి శౌర్యానికి కాదు, చేసిన గొప్ప సేవకు. రిబ్బన్ చూసినా పోల్చుకోవచ్చు: బంగారు రంగు మీద ముదురు నీలం గీతలు, పరమకు ఒకటి, అతికి రెండు, మూడోదానికి మూడు. గీతలు తగ్గేకొద్దీ పతకం పెద్దదన్నమాట! నన్ను ముంచిన వీఎం రిబ్బన్‌కి బూడిద, నారింజ రంగుల ఏటవాలు చారలుంటాయి. దాన్ని సాహసానికీ ఇస్తారు, కర్తవ్యనిష్ఠకూ ఇస్తారు. ఆయనకు దేనికిచ్చారో ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. పక్కన 'బార్' అని ఉంటే అదే పతకం మళ్లీ వచ్చినట్టు.

శత్రువుకు ఎదురు నిలిచినవారికిచ్చేవి పరమ వీర, మహా వీర, వీర చక్రలు. ఊపులో వీర చక్రను పరమ వీర చక్ర చేసేయకండి. వాయుసేన మొత్తంలో అది దక్కింది ఒక్క ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్‌కే. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీదికొచ్చిన శత్రు విమానాలతో పోరాడుతూ ఆయన ప్రాణాలొదిలారు.

'ఛాతీ నిండా శౌర్య పతకాలే' అన్న మాట కూడా వద్దు. ఆ వరుసలో 9 ఏళ్లు, 20 ఏళ్లు, 30 ఏళ్ల సర్వీసుకిచ్చేవీ ఉంటాయి. సర్వీసులో ఉన్నవాళ్లు సభలో ఉంటే లోపల్లోపల నవ్వుకుంటారు.

హోదా విషయంలో ఎయిర్ వైస్ మార్షల్‌ని ఒక మెట్టు పైనుండే ఎయిర్ మార్షల్ చేయకపోతే చాలు. 'రిటైర్డ్' అన్నది పేరు చివర, పతకాల తర్వాత వేయండి. హోదా రిటైర్ కాదని వాళ్ల పట్టింపు, న్యాయమే.

'గగనవీరుడు' అని రాసే ముందు ఆయన ఏ బ్రాంచో కనుక్కోండి. వాయుసేనలో అందరూ విమానం నడపరు. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ్ డాక్టరు. ఎయిర్ మార్షల్ దాకా ఎదిగారు, పైన చెప్పిన మూడు విశిష్ట సేవా పతకాలూ ఆమెకొచ్చాయి.

అసలు కష్టం ఇక్కడే: పోస్టింగుల జాబితా చదివితే సభ ఆవలిస్తుంది. ఒక్క ఘట్టం పట్టుకోండి. మన హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ గురించి చెప్పాలనుకోండి. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్, ఫ్రాన్స్‌లో రాయబారి. ఇవన్నీ ఒక్క వాక్యంలో తేల్చేస్తాను. దేశ విభజనప్పుడు తోటి అధికారులు పాకిస్తాన్‌కి రమ్మన్నా వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయిన సంగతికి మాత్రం నిమిషం ఇస్తాను. మీ అతిథి దగ్గర అలాంటి ఘట్టం రాబట్టాలంటే 'మీ విజయాలేమిటి' అని అడక్కండి, బిగుసుకుపోతారు. పైలట్ అయితే 'మొదట ఏ విమానం నడిపారు సార్' అనండి. ఇక ఆపడం మీ తరం కాదు.

ఇప్పుడు నేను వేదిక ఎక్కకముందే కాగితం అతిథి చేతికే ఇచ్చేస్తాను. మొన్న ఒకాయన పెన్ను తీసి మూడు వాక్యాలు కొట్టేశారు. మూడూ నా పొగడ్తలే. పతకాల వరుస మాత్రం వేలు పెట్టి, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని, కాగితం తిరిగిచ్చారు.