దురద లేని వాపు మళ్లీ మళ్లీ వస్తుంటే: సి1 ఇన్‌హిబిటర్ పరీక్ష చేయించుకునే పద్ధతి

పెదవులో, కనురెప్పలో, చేతులో ఉన్నట్టుండి ఉబ్బి, దద్దుర్లు గానీ దురద గానీ లేకుండా రెండు మూడు రోజులుండి తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంటే దానిని అలర్జీ అని సరిపెట్టుకోకూడదు. రోగనిరోధక శక్తిలో భాగంగా రక్తంలో ఉండే ప్రోటీన్ల సముదాయమైన కాంప్లిమెంట్ వ్యవస్థ తొలి మెట్టును అదుపు చేసే సి1 ఇన్‌హిబిటర్ అనే ప్రోటీన్ పుట్టుకతోనే కొరవడి ఉండవచ్చు. ఈ జబ్బును హెరిడిటరీ యాంజియోఎడీమా అంటారు. ఈ ప్రోటీన్ కల్లిక్రీన్ అనే ఎంజైమును కూడా నిలువరిస్తుంది కాబట్టి, అది చాలనప్పుడు ఆ ఎంజైము వల్ల తయారయ్యే బ్రాడీకైనిన్ అనే పదార్థం పెరిగి, సన్నని రక్తనాళాల నుంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. అలర్జీ వాపుకు కారణమయ్యే హిస్టమిన్ ప్రమేయం లేనందువల్లనే సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు, స్టిరాయిడ్లు, అడ్రినలిన్ ఈ వాపును తగ్గించలేవు.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఇలాంటి వాపు ఉందేమో, కారణం తెలియని తీవ్రమైన కడుపునొప్పి వస్తోందేమో అడిగి రాసుకోండి. పేగు గోడ ఉబ్బినా నొప్పి అలాగే ఉంటుంది. అపెండిసైటిస్ అనుకొని అనవసరంగా కడుపు కోసిన సందర్భాలున్నాయి. అయితే దాదాపు నాలుగో వంతు మందికి కుటుంబ చరిత్ర ఉండదు.

మొదట కాంప్లిమెంట్ వ్యవస్థలోని సి4 అనే ప్రోటీన్ పరీక్ష చేయించాలి. వాపు లేని రోజుల్లో కూడా ఇది చాలామందిలో తక్కువగానే ఉంటుంది. తరువాత సి1 ఇన్‌హిబిటర్ మోతాదు చూస్తారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది పొరపాటు. సుమారు 15 శాతం మందిలో మోతాదు మామూలుగానే ఉన్నా ఆ ప్రోటీన్ పనిచేయదు. కనుక పనితీరు పరీక్ష కూడా తప్పక అడగాలి. దానికి సాధారణంగా సిట్రేట్ ఉన్న నీలి మూత ట్యూబులో రక్తం తీసి, ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) త్వరగా వేరుచేసి, ఫ్రీజర్‌లో మంచులా గట్టిపరచి పంపాలి. నమూనా బల్లమీద గంటల తరబడి ఉండిపోతే లోపం లేనివారికి కూడా ఫలితం తక్కువగా రావచ్చు. అందుకే తక్కువ వచ్చినప్పుడు, నమూనా ల్యాబుకు ఎలా చేరిందో కనుక్కొని, మరోసారి పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. ఏడాదిలోపు పిల్లల ఫలితాలను నమ్మలేము. నడివయసులో కొత్తగా మొదలైతే, ఈ లోపం పుట్టుకతో కాక తరువాత వచ్చిందేమో తెలియడానికి సి1క్యూ అనే మరో కాంప్లిమెంట్ ప్రోటీన్‌ను కూడా చూడాలి.

నిర్ధారణ అయ్యాక ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వద్దని ప్రతి డాక్టరుకూ చెప్పాలి. పన్ను తీయించుకునే ముందు దంతవైద్యుడికి మరీ ముఖ్యంగా చెప్పాలి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జబ్బు పేరు, అలర్జీ మందులు పనిచేయవన్న మాట, సి1 ఇన్‌హిబిటర్ ఇంజెక్షన్ గానీ, అది దొరకకపోతే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా గానీ ఇవ్వాలన్న మీ డాక్టరు సూచన రాయించిన కాగితం ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.