చార్మ్ క్వార్క్ హాడ్రాన్‌గా ఎలా మారుతుందో మీ ల్యాప్‌టాప్‌లోనే చూడండి

చార్మ్ క్వార్క్ అనే బరువైన మూలకణం ఒంటరిగా ఎక్కడా దొరకదు, క్వార్కులు కలిసి ఏర్పడే హాడ్రాన్ అనే కణంలోనే ఉంటుంది. ఎల్‌హెచ్‌సీ అనే కణ త్వరణ యంత్రంలో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టి, తేలిక క్వార్కులతో జతకట్టి డీ-జీరోగానో (క్వార్క్, యాంటీక్వార్క్ జత), లాంబ్డా-సీగానో (మూడు క్వార్కుల కణం, అంటే బేరియాన్) మారిపోతుంది. ఇది అర్థం కావాలంటే పాఠాలు చదవడం కంటే, కణాలు ఢీకొనడాన్ని కంప్యూటర్‌లో అనుకరించే పితియా 8 ప్రోగ్రామ్ పెట్టుకుని లెక్కేసుకోవడం మేలని నా అభిప్రాయం. ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. రెండు క్వార్కులు దూరం జరిగేకొద్దీ వాటి మధ్య బలక్షేత్రం స్ట్రింగ్‌లా సాగి తెగుతుంది, తెగినచోట కొత్త జంట పుడుతుంది. అక్కడ చార్మ్ జంట పుట్టే అవకాశం అప్ క్వార్కుతో పోలిస్తే దాదాపు పదివేల కోట్లలో ఒక వంతు, ఎందుకంటే అది అంత బరువు. అంటే తొలి క్షణాల్లో పుట్టిన చార్మే చివరిదాకా ఉంటుంది, అందుకే దాన్ని వెంబడించగలం.

ప్రోగ్రామ్‌లో పెట్టాల్సినవి ఇవి: ప్రోటాన్-ప్రోటాన్, ఢీకొనే శక్తి 5.02 టీఈవీ, సాఫ్ట్ క్యూసీడీ అనే సెట్టింగ్‌లో నాన్-డిఫ్రాక్టివ్ ఆన్, పది లక్షల ఈవెంట్లు (అంటే ఢీకొనడాలు). ప్రోగ్రామ్ ప్రతి కణానికీ ఒక నంబర్ ఇస్తుంది: డీ-జీరో కోడ్ 421, లాంబ్డా-సీ కోడ్ 4122, మైనస్ గుర్తున్నవీ (వాటి ప్రతికణాలు) కలుపుకోండి. నేను మొదటిసారి ఫైనల్ కణాల్లో మాత్రమే వెతికి, సున్నా వచ్చేసరికి సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను. డీ-జీరో ఆయుష్షు 0.41 పికోసెకన్లే కదా, ప్రోగ్రామ్ దాన్ని అప్పటికే విడగొట్టేస్తుంది. డీ-జీరో, లాంబ్డా-సీల డికే (విడిపోవడం) ఆఫ్ చేస్తే సరిపోతుంది. ఇంకా బరువైన బ్యూటీ క్వార్కు ఉన్న హాడ్రాన్ల నుంచి వచ్చినవాటిని మాత్రం తీసేయండి, పూర్వీకుల్లో 511, 521, 5122 లాంటివి కనిపిస్తే అవే.

ఇప్పుడు లాంబ్డా-సీల సంఖ్యను డీ-జీరోల సంఖ్యతో భాగించండి. డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో 0.1 దగ్గర తేలుతుంది. కానీ ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్ ప్రయోగం తక్కువ పీటీ (ప్రోటాన్ల దారికి అడ్డంగా ఉండే ద్రవ్యవేగం) దగ్గర కొలిచింది దాదాపు 0.5! అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఒకేచోట బోలెడు స్ట్రింగులు ఒకదాన్నొకటి దాటుతుంటాయి, వాటిలో మూడు ఒక ముడి దగ్గర కలిస్తే బేరియాన్ తయారవడం సులువవుతుంది. ఇలా స్ట్రింగులు కొత్తగా కలిసే తీరును నిర్ణయించే కలర్ రీకనెక్షన్ మోడ్ 1, దానికి తోడు ఢీకొన్న ప్రోటాన్లలో మిగిలిన భాగాలకు సంబంధించిన బీమ్ రెమ్నెంట్ మోడ్ 1 పెట్టి మళ్లీ నడపండి. ఈ రెండు స్విచ్‌లతో ఆగిపోవద్దు, దీనికోసం ప్రచురించిన పారామీటర్ల సెట్ మొత్తం పెట్టాలి. పీటీని 1–2, 2–4, 4–8 జీఈవీలుగా విడగొట్టి గీస్తే, తక్కువ పీటీ దగ్గర నిష్పత్తి బాగా లేచి తర్వాత దిగడం కనిపిస్తుంది.

చివరగా ఎలక్ట్రాన్-పాజిట్రాన్, 91.2 జీఈవీతో కూడా ఒకసారి నడపండి. అక్కడ స్ట్రింగుల రద్దీ లేదు, నిష్పత్తి 0.1 చుట్టుపక్కలే ఉండిపోతుంది.