సీసాకు బెజ్జం పెడుతుంటే పగులుతోందా? పగులును చూస్తే కారణం దొరుకుతుంది

ఖాళీ సీసాలో లైట్ల దండ పెడదామనుకుంటాం. వైరు కోసం అడుగున బెజ్జం పెట్టబోతే, ఇంకాసేపట్లో అయిపోతుందనగా సీసా రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని వెంటనే పారేయకండి. పగులు ఎక్కడ మొదలై ఎటు పాకిందో చూస్తే తప్పెక్కడ జరిగిందో తెలుస్తుంది.

ముందుగా ఒక సంగతి. గాజును తొలవడం కుదరదు, అరగదీయాలి. ఇనుము కొంచెం సాగుతుంది, చెక్క పొట్టు రాలుస్తూ దారి ఇస్తుంది. గాజు ఈ రెండూ చేయదు, ఒత్తిడి హద్దు దాటితే పగలడమే. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసే చోట చూడండి. చక్రం అంచున ఉన్న వజ్రపు రవ్వలు రాయిని అరగదీస్తుంటాయి, పైనుంచి నీళ్లు ఆగకుండా పడుతుంటాయి. సీసాకూ అదే పద్ధతి. కావలసింది వజ్రపు పూత ఉన్న బోలు బిట్టు, అంటే డైమండ్ కోర్ బిట్. వైరుకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల సైజు చాలు, ప్లగ్గుతో సహా దూరాలంటే దాని వెడల్పును బట్టి ఇంకా పెద్దది కావాలి.

బిట్టు జారిపోయి సీసా నిండా గీతలు పడుతున్నాయి

గుండ్రటి నున్నటి గాజు మీద బిట్టును నిటారుగా పెడితే దానికి పట్టు దొరకదు. మొదట 45 డిగ్రీలు వంచి పట్టుకుని చాలా నెమ్మదిగా తిప్పండి. నెలవంక ఆకారంలో చిన్న గాడి పడుతుంది. అప్పుడు డ్రిల్లును మెల్లగా నిటారుకు తీసుకురండి. చేయి నిలకడగా లేకపోతే, చిన్న ప్లైవుడ్ ముక్కకు అదే బిట్టు సైజులో రంధ్రం చేసి, సీసాకు టేపుతో గట్టిగా అంటించి, ఆ రంధ్రంలోంచి దించండి. గుర్తు కోసమని మేకు పెట్టి సుత్తితో కొట్టడం మాత్రం వద్దే వద్దు.

చోటు కూడా చూసి ఎంచుకోవాలి. సీసా పక్కన నిలువుగా కనిపించే అచ్చు గీత, అడుగున వంపు తిరిగే చోటు, ఉబ్బెత్తు అక్షరాలు, ఈ మూడింటికీ దూరంగా ఉండండి. అడుగు నుంచి అంగుళం పైన, చదునుగా ఉన్న చోటైతే మేలు.

బిట్టు తగలగానే పటక్కున పగిలింది

డ్రిల్లులో హ్యామర్ మోడ్, అంటే బిట్టు సుత్తిలా కొట్టుకుంటూ తిరిగే పద్ధతి, ఆన్‌లో ఉందేమో చూడండి. గోడలకు వాడే బిట్టు పెట్టినా ఇదే గతి. అవి రెండూ కాకపోతే అది టెంపర్డ్ గాజు, అంటే బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన గాజు, అయి ఉండొచ్చు. మామూలు సీసాలు అలా ఉండవు గానీ, కారు పక్క అద్దాలు, కొన్ని వంట గిన్నెల గాజు మూతలు ఆ రకమే. వాటికి ఏ బిట్టుతోనూ బెజ్జం పడదు, మొత్తం చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతాయి.

బెజ్జం అంచు నుంచి బీటలు బయటికి పాకాయి

ఎక్కువ సీసాలు పోయేది ఇక్కడే. కారణం వేడి. బిట్టు కింద గాజు కాలి వ్యాకోచిస్తుంది, చుట్టూ ఉన్న గాజు చల్లగానే ఉంటుంది. ఆ లాగులాటలో బీట పుడుతుంది. తెల్లటి పొడి పొడిగా ఎగురుతోందంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పాలలాంటి నీళ్లు కారుతుంటే సరిగ్గా నడుస్తున్నట్టు.

గోధుమపిండి ముద్దతో బెజ్జం చుట్టూ చిన్న గట్టు కట్టి అందులో నీళ్లు నింపండి. పక్కన మరో మనిషి ఉంటే, మూతకు సూది రంధ్రం చేసిన ప్లాస్టిక్ బాటిల్‌తో ధార పట్టించండి. 6 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి వెయ్యి చుట్లకు అటూ ఇటూ చాలు, పెద్ద బిట్టుకు ఇంకా తగ్గించాలి. డ్రిల్లు సొంత బరువుకు మించి పెద్దగా నొక్కకూడదు. మధ్యమధ్యలో బిట్టును పైకి లేపితే నీళ్లు లోపలికి వెళ్తాయి. ఒక్క బెజ్జానికి రెండు నుంచి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ఆ ఓపికే సీసాను కాపాడుతుంది.

మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. మే నెలలో డాబా మీద ఆరబెట్టిన సీసా చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. దాన్ని తెచ్చి వెంటనే కుండ నీళ్లు పోస్తే బిట్టు తగలకముందే బీట కొట్టొచ్చు. ఒక్కసారిగా 40 డిగ్రీలకు మించిన తేడా వస్తే మామూలు గాజును నమ్మలేం. సీసాను నీడలో గంటసేపు పెట్టి, పొద్దున్నో సాయంత్రమో పని మొదలుపెట్టండి.

బెజ్జం పడింది గానీ లోపలి వైపు పెచ్చు లేచింది

చివర్లో మిగిలిన పల్చటి గాజు పొర బిట్టు ఒత్తిడికి తెగిపోవడమే కారణం. బిట్టు శబ్దం మారుతుంది, గమనించండి. మారగానే ఒత్తిడి పూర్తిగా తీసేసి, చుట్లు తగ్గించి, బిట్టును దాని మానాన తిరగనివ్వండి.

బిట్టు తిరుగుతోంది, కిందికి దిగడం లేదు

బోలులో గాజు బిళ్ల ఇరుక్కుని ఉంటే సన్నటి తీగతో తోసేయండి. వజ్రపు రవ్వల మీద పొర పట్టి ఉంటే తడి ఇటుకలో రెండు మూడుసార్లు దించి తీయండి. అప్పటికీ దిగకపోతే పూత అరిగిపోయినట్టే. కొత్తది కొనండి. అరిగిన బిట్టును నొక్కితే మళ్లీ వేడి, మళ్లీ పగులు.

పని బాగానే జరిగింది, నాలుగు రోజులకు బీట వచ్చింది

బెజ్జం అంచున కంటికి ఆనని గరుకు ఉంటుంది, బీట అక్కడి నుంచే బయల్దేరుతుంది. 220, ఆ తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి అంచును రుద్దండి. రబ్బరు వాషర్ తొడిగి అందులోంచి వైరు లాగండి. లోపల ఎల్‌ఈడీ లైట్లే పెట్టండి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి సీసా తట్టుకోదు.

ఇంత నీళ్లతో పని కాబట్టి బ్యాటరీ డ్రిల్లే వాడండి. ప్లగ్గులో పెట్టే డ్రిల్లు తడి చేతుల్లో ప్రాణాపాయం. కళ్లకు రక్షణ అద్దాలు, మాస్కు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సీసాను తడి తువ్వాలు మీద పడుకోబెట్టండి, అది కదలదు. తెల్లటి గాజు నీళ్లను సింకులో పోయకుండా ఒక డబ్బాలో తేరనిచ్చి, అడుగున మిగిలిన ముద్దను పాత పేపర్లో చుట్టండి. ముక్కల్ని అట్టపెట్టెలో వేసి టేపు చుట్టి, చెత్త బండి వచ్చినప్పుడు అందులో గాజు ఉందని చెప్పి ఇవ్వండి.