కొండబాటలో పరుగు, ఆపై సైకిలు: స్నేహపూర్వక పోటీకి సిద్ధపడే తీరు

కొండబాటలో కొంతదూరం పరుగెత్తి, ఆ వెంటనే మౌంటెన్ సైకిలెక్కి మిగిలిన దూరం పూర్తిచేసే పోటీలో, పరుగులో ముందున్నవారే చివరికీ ముందుంటారని చెప్పలేము. కాళ్లలోని సత్తువనంతా పరుగులోనే ఖర్చుచేసుకున్నవారు, సైకిలు మీద తొలి ఎత్తు రాగానే దిగి నడవడం నేను చాలాసార్లు చూశాను. మొదటి పోటీలో నాకు జరిగినదీ అదే. అందుకే ఈ వ్యాసంలో చెప్పే సాధన, తిండి, సైకిలు తయారీ అన్నీ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి: పరుగు ముగిసేసరికి కాళ్లలో ఎంత మిగిలి ఉండాలి, దానిని ఎలా మిగుల్చుకోవాలి. ఉదాహరణకు 6 కిలోమీటర్ల పరుగు, 18 కిలోమీటర్ల సైకిలు ఉన్న పోటీని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

విజయనగరం జిల్లాలో ఇటువంటి పోటీకి సంక్రాంతి తరువాతి వారాలు అన్నివిధాలా అనుకూలమైనవి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను భయం ఉంటుంది. ఆ తరువాత వరికోతలు, కుప్పలు, నూర్పులతో పొలం గట్లు, కళ్లాలు రైతులకే చాలవు. జనవరి చివరికి పొలాలు ఖాళీ అవుతాయి, గెడ్డల్లో (వాగుల్లో) నీరు తగ్గుతుంది, ఉదయం చల్లగా ఉంటుంది. అయితే సూర్యోదయం దాదాపు ఆరున్నరకు గాని కాదు కనుక, అంతకంటే ముందు పోటీ ప్రారంభిస్తే రాళ్లు కనిపించవు.

పోటీకి ముందు ఒక్కసారైనా బాటంతా నడిచి చూడాలి. గంట్యాడ, శృంగవరపుకోట వైపు, తాటిపూడి జలాశయం పరిసరాల్లో నేల తీరు కొద్దిదూరానికే మారిపోతుంది: గట్టి ఎర్రమట్టి, దాని మీద గోళీల్లా దొర్లే చిన్న గులకలు, మామిడి, జీడితోటల్లో రాళ్లను కప్పేసే ఎండుటాకులు, గెడ్డ దాటేచోట పాచిపట్టిన బండలు. వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఎండుటాకులే, ఎందుకంటే వాటి కింద ఏముందో తెలియదు. ఎక్కడ దిగి సైకిలును మోసుకు వెళ్లాలో ఆ రోజే నిర్ణయించుకోవాలి. దారి తోటల గుండా వెళ్తే యజమానిని, రిజర్వు అడవి గుండా వెళ్తే అటవీశాఖను నిర్వాహకులు ముందుగా అనుమతి అడగాలి. రామతీర్థంలోని గురుభక్తులకొండ, శ్రీకాకుళం వైపు శాలిహుండం వంటి బౌద్ధ శిథిలాలున్న కొండల మీద కట్టడాల దగ్గర పోటీ దారి గీయనేకూడదు; ఒకసారి కదిలిన ఇటుకను మళ్లీ యథాస్థానంలో పెట్టగలవారు మనలో ఎవరూ ఉండరు.

ఇప్పటికే అప్పుడప్పుడు పరుగెత్తే అలవాటున్నవారికి ఎనిమిది వారాల సాధన సరిపోతుంది. వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు సైకిలు పెట్టుకుని, మూడో వారం నుంచి ఆ పరుగుల్లో ఒకదానిని సైకిలుతో కలపాలి: అరగంట పరుగెత్తి, ఆగకుండా సైకిలెక్కి మరో నలభై నిమిషాలు తొక్కాలి. మొదటిసారి ఇలా చేసినప్పుడు కాళ్లు మనవి కానట్లు, మోకాళ్ల కింద బరువు కట్టినట్లు అనిపిస్తుంది. పరుగుకు అలవాటుపడిన కండరాలు పెడలు తిప్పే కదలికకు మారడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ మార్పు నాలుగైదు వారాల సాధనతో సులువవుతుంది. ఎక్కువ పరుగులు పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే సాగాలి. ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, కాని ఓర్పు పెరిగేది ఈ వేగంలోనే.

సాధనలో చాలామంది వదిలేసేది దిగుడు పరుగు. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీరం బరువును ఆపవలసి వస్తుంది, అందువల్ల ఎక్కేటప్పటికంటే అవి ఎక్కువగా దెబ్బతింటాయి. నొప్పి వెంటనే కాక రెండో రోజుకు, మూడో రోజుకు పెరుగుతుంది. సంతోషకరమైన విషయమేమిటంటే, ఒకటి రెండు సార్లు ఆ నొప్పి అనుభవించిన కండరాలు ఆ తరువాత కొన్ని వారాలపాటు అదే దిగుడును చాలా తేలికగా భరిస్తాయి. అందువల్ల పోటీకి నెల ముందు నుంచి వారానికొకసారి దిగుడు పరుగు చేసి, చివరిదానిని పోటీకి పది రోజుల ముందే ముగించాలి. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు త్వరత్వరగా వేయాలి, చూపు పాదాల మీద కాక పది, పన్నెండు అడుగుల ముందుండాలి, వెనక్కి వాలకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు జీడితోటల్లో సాధన చేసేవారు తెల్లవారుజాము చీకట్లో ఒంటరిగా వెళ్లకూడదు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి.

సైకిలు ఖరీదైనది కానక్కరలేదు. రెండు బ్రేకులు గట్టిగా పట్టి, గేర్లు జారకుండా మారితే చాలు. టైర్లలో గాలి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. షాపులో అలవాటుకొద్దీ రోడ్డు సైకిలుకు కొట్టినట్లు రాయిలా గట్టిగా కొడతారు, అలా కొట్టిన టైరు గులకల మీద ఎగిరెగిరి పడుతుంది. ట్యూబులున్న టైర్లతో 70 కిలోల మనిషికి, పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలతలో సుమారు 25 నుంచి 30 పీఎస్‌ఐ సరిపోతుంది. అంతకంటే బాగా తగ్గిస్తే రాతి అంచు తగిలినప్పుడు ట్యూబు నలిగి చిరుగుతుంది. తుమ్మముళ్లు, రేగుముళ్లు ఉన్న దారి కనుక ఒక అదనపు ట్యూబు, చిన్న పంపు, టైరు ఊడదీసే లీవర్లు, బోల్టులు బిగించే అలెన్ కీలు వెంట ఉండాలి. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి, విరిగి మిగిలిన ముల్లుమొనను తీసేయాలి. ఈ ఒక్క పని మరచిపోయి పది నిమిషాల్లోనే రెండోసారి పంచరుతో కూర్చున్నవారు ఎందరో. పెడళ్లు బల్లపరుపుగా ఉన్నవే వాడితే పరుగు బూట్లతోనే సైకిలెక్కవచ్చు, బూట్లు మార్చే సమయం మిగులుతుంది.

పోటీ ఆరున్నరకైతే నాలుగున్నరకల్లా తేలికగా తినాలి. ఇడ్లీ గాని, అలవాటున్నవారికి చోడి (రాగి) అంబలి గాని మంచిది. సాధనలో తినని వస్తువును ఆ రోజు ముట్టకూడదు. పోటీ రెండు గంటలు దాటుతుందనుకుంటే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు అవసరమవుతాయి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి, బెల్లం ముక్కలు, ఖర్జూరాలు జేబులో పెట్టుకోవడం సులువు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ఎంత రుచిగా ఉన్నా నువ్వుల కొవ్వు మెల్లగా అరుగుతుంది కనుక దానిని పోటీ తరువాతకు దాచుకోవాలి. నీరు దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగాలి. ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్టు మీద రాసిన కొలత చదివి, లీటరు ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీటిలోనే కలపాలి. సగం నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై కడుపు తిప్పుతుంది.

ప్రారంభంలో అందరూ ఒక్కసారిగా దూకుతారు, ఆ ఊపులో కొట్టుకుపోకూడదు. మొదటి రెండు కిలోమీటర్లు ఊపిరి అదుపులో ఉండే వేగంతోనే వెళ్లాలి. నిటారు ఎత్తుల్లో చేతులు తొడలమీద ఆనించి వడిగా నడవడం పరుగుకంటే పెద్దగా వెనుకపడదు, బలం మాత్రం చాలా మిగులుతుంది. పరుగు చివరి అర కిలోమీటరులో ఇంకొంచెం వేగం తగ్గించి, రెండు గుక్కల నీరు తాగి, సైకిలు దగ్గర చేయవలసిన పనులను వరుసగా గుర్తుచేసుకోవాలి. అక్కడ ముందు హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాలి, ఆ తరువాతే సైకిలును ముట్టుకోవాలి, సైకిలెక్కేచోట గీసిన గీత దాటేవరకు దానిని నడిపించుకు వెళ్లాలి. సైకిలును తేలిక గేరులో నిలబెట్టి ఉంచితే మొదటి ఐదు నిమిషాలు కాళ్లు కుదురుకునేవరకు హాయిగా తిప్పవచ్చు.

ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలుకాకముందే గేరు తగ్గించాలి. బరువు పడ్డాక మారిస్తే గొలుసు జారుతుంది. దిగుడులో సీటు కొంచెం దించి, పెడళ్లను సమానంగా నిలిపి, సీటు మీద నుంచి లేచి శరీరాన్ని వెనక్కి జరపాలి. రెండు బ్రేకులనూ ఒక్కో వేలితో కొద్దికొద్దిగా వాడాలి, గులకల మీద ముందు బ్రేకును గట్టిగా నొక్కకూడదు, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి. ఇరుకు బాటలో ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వాలి, దాటదలచినవారు ఏ పక్క నుంచి వస్తున్నారో కేకవేసి చెప్పాలి. పశువుల మంద ఎదురైతే పూర్తిగా ఆగి, కాపరి తోలేవరకు వేచి ఉండాలి.

ఎవరైనా పడిపోతే వారి దగ్గర మొదటగా ఆగినవారు పోటీని మరచిపోవాలి. మాట తడబడుతూ, తికమకపడుతూ, ఒళ్లు కాలిపోతున్నవారిని నీడకు చేర్చి నీళ్లు పోస్తూ విసరడమే ముందు చేయవలసిన పని. 108కు ఫోను చేయడం ఆ పని ఆపకుండానే జరగాలి. పాము కాటైతే గాయాన్ని కోయకూడదు, తాడు బిగించకూడదు. ఆ అవయవాన్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ముగింపు గీత దాటాక పది నిమిషాలు మెల్లగా నడిచి, గొలుసుకు పట్టిన దుమ్ము తుడిచి, చుక్క నూనె వేసి సైకిలును పక్కన పెట్టండి. చివరి మనిషి కూడా చేరాడని పేర్ల జాబితాతో సరిచూసుకున్న తరువాతే కొందరు వెనక్కి నడుస్తూ, దారి గుర్తులకోసం చెట్లకు కట్టిన రిబ్బన్లను ఒక్కటి కూడా వదలకుండా విప్పి తేవాలి.