రెండు సెయిల్‌బోట్లలో ఒకటి కొనేముందు జాగ్రత్తలు

• 36 అడుగులదీ, 38 అడుగులదీ రెండూ నచ్చాయా? ముందు కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే రెక్కలాంటి భాగం) లోతు చూడండి. మీరు పడవ కట్టే చోట పోటు తీశాక 2 మీటర్ల నీళ్లు కూడా ఉండకపోతే, లోతైన కీల్ ఉన్నది ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయాల్సిందే.

• డెక్‌ను (పడవ పైతలాన్ని) స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. టక్‌టక్‌మంటే సరే. మొద్దుగా మోగితే లోపలి బాల్సా చెక్క నాని కుళ్లిందేమో అనుమానించండి. బోల్టులు దిగిన చోట ఇంకోసారి తట్టండి, నీళ్లు చేరేది ఎక్కువగా అక్కడే.

• మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. 10 ఏళ్లు దాటితే ఆ ఖర్చు కూడా కలిపి ధర పోల్చండి.

• ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉందంటే నాకైతే అనుమానమే.

• పడవను పరీక్షించే సర్వేయర్‌ను మీరే పెట్టుకోండి.

• సోఫాలు, కర్టెన్లు ఆఖర్న చూసుకోవచ్చు.