ఇంగ్లీష్‌లో అడిగేదానికీ మీ జవాబుకీ పొంతన కుదరట్లేదా? (సమస్య - పరిష్కారం)

గ్రామర్ వచ్చు, మాటలూ వచ్చు. అయినా మీరు జవాబు చెప్పగానే అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నారు. ఇలా జరిగితే చాలామంది కొత్త పదాలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. దయచేసి ముందు ఇది చూసుకోండి: ప్రశ్న మొదట్లో ఏముందో సరిగ్గా విన్నారా? ‘హౌ లాంగ్’ అంటే ఎంతకాలంగా అని. జవాబు ‘ఫర్ టూ ఇయర్స్’. ‘హౌ ఆఫెన్’ అంటే ఎన్నాళ్లకోసారి అని. జవాబు ‘వన్స్ ఎ వీక్’. ఎన్నిసార్లు చెప్పినా ఈ చిన్న పని దాటేసి ఇంకెక్కడో వెతుకుతారు.

సమస్య: జవాబు కరెక్టే, కానీ పాఠం అప్పజెప్పినట్టు ఉంటోంది.

కారణం బడిలో నేర్పిన పూర్తి వాక్యం. అది పరీక్ష పేపర్‌కే. ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’ అంటే ‘గుంటూరు’ చాలు. ‘డూ యూ కుక్?’ అంటే ‘యెస్, ఐ కుక్’ కన్నా ‘యా, మోస్ట్ డేస్’ బాగుంటుంది, మాట ముందుకు సాగుతుంది. ‘వాట్స్ అప్?’ అంటే ఏంటి విశేషాలు అని. దానికి ‘ఫైన్’ అతకదు, ‘నాట్ మచ్’ అనండి.

సమస్య: మీరు ‘యెస్’ అన్నారు, వాళ్లకి తలకిందులుగా అర్థమైంది.

అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. ఆఫీసు ఫోన్‌లో ‘డిడ్ంట్ యూ గెట్ ద ఫైల్?’ అని అడుగుతారు. ఫైల్ రాలేదు. మీరు ‘యెస్’ అంటారు. అందిందనుకుని వాళ్లు మళ్లీ పంపరు, సాయంత్రం వరకు మీరు ఎదురుచూస్తారు. ఇద్దరికీ తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు, అందుకే ఇది దొరకదు.

తెలుగులో ‘రాలేదా?’ అంటే ‘అవును, రాలేదు’ అంటాం. అడిగినవాళ్లు అనుకున్నది నిజమని ఒప్పుకుంటాం. ఇంగ్లీష్‌లో అడిగిన తీరుతో పనిలేదు, జరిగిందా లేదా అన్నదే లెక్క. వస్తే ‘యెస్, ఐ డిడ్’. రాకపోతే ‘నో, ఐ డిడ్ంట్’. కాబట్టి ప్రశ్నలోని ‘నాట్’ వినిపించనట్టే అనుకుని జవాబివ్వండి. ఒట్టి ‘యెస్’తో మాత్రం ఎప్పుడూ ఆపకండి. వెనక ‘ఐ డిడ్’ లాంటి ముక్క తగిలించాలంటే మనసు ఒకసారి సరిచూసుకుంటుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. ‘యూ ఆర్ నాట్ కమింగ్, ఆర్ యూ?’ అన్నా ఇదే పద్ధతి: రాకపోతే ‘నో, ఐ యామ్ నాట్’.

దీనికి దగ్గరి చుట్టం ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’. అక్కడ అడిగేది మీకు అభ్యంతరమా అని. ‘యెస్’ అంటే కూర్చోవద్దన్నట్టు. ‘నో, గో అహెడ్’ అనండి.

యాస అర్థం కాకపోతే ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అని అడిగేయండి. ‘హౌ డూ యూ డూ?’ అనే పలకరింపు ఇప్పుడు చాలా అరుదు. ఎవరైనా అంటే తిరిగి ‘హౌ డూ యూ డూ?’ అనడమే జవాబు.